ఏడు రోడ్ల కూడలి దగ్గర ఇంగ్లీషు పాఠం

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో ఒక మేడ మీద, బ్యాంకు ఉద్యోగాలకు చదివే పిల్లలకు ఇంగ్లీషులో ఉత్తరాలు, వ్యాసాలు రాయడం నేర్పుతున్నారని విని వెళ్లాను. పాఠం చెప్పేది రిటైరైన హైస్కూలు మాస్టారు. ఆ పూట పాఠం ఫ్రేజల్ వెర్బ్స్, అంటే 'అప్', 'ఆఫ్' లాంటి చిన్న మాట తోడైన క్రియలు.

ఎవరో వ్యాసంలో రాసిన 'కోప్ అప్ విత్'ను బోర్డు మీదకెక్కించి, మధ్యలో 'అప్' కొట్టేశారు మాస్టారు.

"అప్ ఉంటే ఏటి సార్, నేకపోతే ఏటి? అర్థం ఒకటే కదా!" అంది వెనక బెంచీ అమ్మాయి.

"'తిను' అన్నా 'తినెయ్' అన్నా ఒకటేనా అమ్మా?" అన్నారాయన.

గదంతా నవ్వింది. కంచం ఖాళీ చెయ్యమని చెప్పేది ఆ 'ఎయ్'. ఇంగ్లీషులో 'ఈట్ అప్' అన్నప్పుడు 'అప్' చేసే పనీ అదే. అలాగని ప్రతి క్రియకూ తగిలిస్తే కుదరదు. 'కోప్'కు 'విత్' చాలు. 'డిస్కస్'కు 'అబౌట్' అక్కర్లేదు.

తర్వాత మాటల వరస. 'పుట్ ఆఫ్ ద మీటింగ్', 'పుట్ ద మీటింగ్ ఆఫ్' రెండూ ఒప్పే. మీటింగ్ బదులు 'ఇట్' వస్తే మాత్రం దాని చోటు మధ్యలోనే: 'పుట్ ఇట్ ఆఫ్'. 'లుక్ ఆఫ్టర్'ను అలా విడదీయకూడదు. ఉత్తరం చివర 'లుక్ ఫార్వర్డ్ టు' తర్వాత 'హియర్' రాదు, 'హియరింగ్' రావాలి. ఫిర్యాదు ఉత్తరంలో 'పుట్ అప్ విత్' కన్నా 'టాలరేట్' హుందాగా ఉంటుంది.

ఒక అబ్బాయి గైడులోంచి ఎక్కించుకున్న పెద్ద జాబితా చూపించాడు. మాస్టారు దాన్ని పక్కన పెట్టించి గిడుగు రామమూర్తి గారి సంగతి ఎత్తారు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన ఆయన సవర భాషను సవరల నోటే విని నేర్చుకున్నారు. ఆ భాష మీద ఆయన రాసిన ఇంగ్లీషు మాన్యువల్ 1931లో అచ్చయింది. విన్న వాక్యం ముందు, వ్యాకరణం తర్వాత. మాస్టారి పద్ధతీ అంతే: రోజూ ఇంగ్లీషు పేపర్లో కనబడిన ఫ్రేజల్ వెర్బ్‌ను వాక్యంతో సహా రాసుకోవాలి, అదే మాటతో సొంత వాక్యం ఇంకొకటి కట్టాలి.

పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు నేను చెప్పేదీ ఇదే. జాబితాలు బట్టీ పట్టకండి. వాక్యంలో చూసిన మాటనే వాడండి. అనుమానం వస్తే నిఘంటువు తెరిచి, అర్థంతోపాటు ఉదాహరణ వాక్యం కూడా చదవండి.