ఒక చేవ్రాలు

గురివిందగింజ తన నలుపు తా నెఱుగదని పెద్దలు చెప్పుదురు. ఈ సామెతను నేను ముప్పది యేండ్లు విద్యార్థులకు బోధించితిని. అది నన్ను గూర్చి కూడ చెప్పబడినదని తెలిసికొనుటకు మాత్రము ఉద్యోగవిరమణ మైన తరువాత గాని నా కవకాశము కలుగలేదు. ఆ సంగతిని దాచక చదువరులకు విన్నవించుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

2014వ సంవత్సరమున అమెరికాలో దక్షిణ కరోలినా రాష్ట్రమున నున్న మా కుమార్తె యింటికి పోయితిని. ఆ రాష్ట్రమునకు ముఖ్యపట్టణము కొలంబియా. అచ్చటి శాసనసభా భవనము ముందట, యుద్ధమున మడిసిన సైనికుల స్మారకస్తంభము చెంత, ఎఱ్ఱని బట్టపై నీలి అడ్డపట్టీలును తెల్లని చుక్కలును గల యొక పతాక మెగురుచుండెను. 1861 మొదలు 1865 వఱకు, బానిసత్వమును నిలుపుకొనగోరి దేశమునుండి విడిపోయి పోరాడిన దక్షిణ రాష్ట్రముల సేనాపతాక మదియని మా యల్లుడు చెప్పెను. ఓడిపోయిన పక్షపు జెండా నూటయేబది యేండ్ల తరువాత శాసనసభ ముంగిట నేల యున్నదని యడిగితిని. అతడు చెప్పిన కథ యిది.

1962లో శాసనసభవారు తీర్మానము చేసి యా పతాకమును భవనగోపురముపైననే నిలిపిరి. నల్లజాతివారు సమానహక్కులకై పోరాడుచున్న దినము లవి. అది యెవరిని చూచి యెత్తబడినదో వారికి తెలియకపోలేదు. 2000వ సంవత్సరమున రిపబ్లికను పక్షమువారు తమ అధ్యక్షాభ్యర్థిని నిర్ణయించుకొను ప్రాథమిక యెన్నికలు జరుగుచుండగా, జెండాను దింపవలెనా యుంచవలెనా యను ప్రశ్న పోటీదారులను వెన్నాడెను. జార్జి బుష్షు అది యా రాష్ట్రప్రజలే తేల్చుకొనవలసిన విషయమని తప్పుకొనెను. వియత్నాము చెఱలో అయిదేండ్లకు పైగా హింస ననుభవించి వచ్చిన జాన్ మెకెయిన్, జనవరిలో, అది జాతివివక్షకును బానిసత్వమునకును గుర్తని మొదట చెప్పెను. కొలది దినములలోనే మాట మార్చి, అది వారసత్వ చిహ్నమనెను. ఫిబ్రవరిలో అచ్చట నోడిపోయెను. ఏప్రిలులో మరల కొలంబియాకు వచ్చి, నిజము చెప్పినచో గెలువలేనేమో యను భయముచేత నియమమును విడిచితినని పదుగురి యెదుట నొప్పుకొనెను. చెఱను భరించినవాడు వోట్ల లెక్కను భరింపలేకపోయెను. ఆ యేడు జూలై 1వ తేదీన పతాకము గోపురము దిగి, నేను చూచిన స్తంభము చెంతకు వచ్చినది.

ఆ కథ విని నేను మండిపడితిని. "పొరుగువాని గుండెలో గ్రుచ్చుకొనుచున్న దానిని వారసత్వమని ముద్దుపెట్టుకొనుట యేమి నాగరికత?" అని మా యల్లునితో వాదించితిని. అతడు నా వాదమున కడ్డు చెప్పలేదు. మఱుసటి సంవత్సరము జూన్ 17వ తేదీన చార్ల్‌స్టను పట్టణమున ప్రార్థనామందిరములో తొమ్మండుగురు నల్లజాతివారిని ఒక శ్వేతజాతి యువకుడు కాల్చి చంపెననియు, జూలై 10వ తేదీన ఆ జెండాను పూర్తిగా దింపివేసిరనియు పత్రికలలో చదివి, నా మాటయే నెగ్గినదని మా యింట చెప్పుకొంటిని కూడ.

ఇట్టి వాడను 2022లో ఏమి చేసితినో వినుడు.

ఆ యేడు ఏప్రిల్ 4వ తేదీన ఆంధ్రప్రదేశములోని పదమూడు జిల్లాలు ఇరువదియాఱు జిల్లాలైనవి. అమలాపురము ముఖ్యపట్టణముగా కోనసీమ జిల్లా యేర్పడినది. మే 18వ తేదీన ప్రభుత్వమువారు దానికి డాక్టరు బి. ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాయని పేరు పెట్టదలచి, ఆక్షేపణలున్నచో ముప్పది దినములలో తెలుపుడని ప్రకటించిరి. నా నివాసము రాజమహేంద్రవరమే యైనను, పుట్టినది కోనసీమలో. ప్రకటన వెలువడిన మూడవ దినమున నేను మా యన్నగారి యింట నుంటిని. అరుగుమీద కూర్చుండి కొబ్బరినీళ్లు త్రాగుచుండగా మా యన్నగారి కుమారు డొక కాగితము తెచ్చి, "బాబాయిగారూ, మన సీమ పేరు మనకు మిగలవలెను గదా, ఒక సంతకము పెట్టండి," అనెను. నేను కండ్లజోడైన పెట్టుకొనక చేవ్రాలు చేసితిని. కోనసీమ యను మాటలో నాకు మా యమ్మ వంటయిల్లును, కాలువగట్టును, కొబ్బరితోటల నీడయు గనబడును. ఆ ప్రేమచేతనే చేసితినని నన్ను నేను నమ్మించుకొంటిని.

మే 24వ తేదీన అమలాపురము తగులబడినది. మంత్రి పినిపే విశ్వరూప్ గారి యింటికిని, ముమ్మిడివరము శాసనసభ్యులు పొన్నాడ సతీశ్ గారి యింటికిని నిప్పుపెట్టిరి. బస్సులను కాల్చిరి. రాళ్లదెబ్బలకు పోలీసువారు పలువురు గాయపడిరి. నలుగురు గుమిగూడరాదని యుత్తరువు వచ్చినది. ఇంటర్నెట్టు కొన్ని దినములు నిలిచిపోయినది. నేను నిప్పుపెట్టలేదు, రాయి విసరలేదు. అయినను ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా భార్య, "మీరు చేసిన సంతకమును వారు చేసిన పనియు ఒకటి కావు లెండి," అని యోదార్చి, కొంతసేపటికి, "కాని రెండింటిని కోరినది ఒక కోరికయే గదా," అనెను.

జూన్ మొదటి వారములో నా బాల్యమిత్రు డొకడు మా యింటికి వచ్చెను. మేమిద్దఱ మొక బడిలో చదివినవారము. అతనిది మా యూరి మాలపల్లె. తెలుగు పండితుడుగా పనిచేసి విరమించెను. చేవ్రాలు సంగతి నేనే యతనికి చెప్పితిని. నన్ను తిట్టునని యనుకొంటిని గాని, అతడు కాఫీ త్రాగుచు నెమ్మదిగా, "ఒక్కటి యడుగుదును. ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశముగారి పేరు పెట్టిరి. 2008లో నెల్లూరికి పొట్టి శ్రీరాములుగారి పేరు చేర్చిరి. మొన్న ఏప్రిలులోనే మన మన్యమునకు అల్లూరి సీతారామరాజు పేరును, బెజవాడ జిల్లాకు ఎన్టీఆర్ పేరును పెట్టిరి. వీనిలో దేనికైన నీవు ఆక్షేపణ పంపితివా?" అనెను.

"అవి నా సీమలు కావు గదా," అంటిని.

"సరే. ధవళేశ్వరము ఆనకట్టను 1847 మొదలు 1852 వఱకు కట్టించిన కాటనుదొర ఇంగ్లీషువాడు. మన డెల్టాలో ఊరూర ఆయన విగ్రహమునకు దండలు వేయుచున్నాము. క్రొత్త బ్యారేజీకి ఆయన పేరే పెట్టుకొంటిమి. గోదావరి పేరు పోయినదని యెవరైన నేడ్చిరా? ఇప్పుడు పెట్టదలచిన పేరులో కోనసీమ యను మాట యెక్కడికిని పోలేదు. దాని ముందు ఇంకొక మాట వచ్చినది. నీకు బరువైనది ఆ మాటయే."

నేను చివరి యాయుధము తీసితిని. "అట్లనకుము. అమలాపురమునుండి బాలయోగిగారిని లోకసభకు పంపినవారము మేము కామా? ఆయన 1998లో సభాపతియైనప్పుడు సీమయంతయు పండుగ చేసికొనలేదా? 2002లో హెలికాప్టరు కూలి ఆయన మరణించినప్పుడు ఏడువనివా రెవరు?"

"ఏడ్చితిరి, నేనెఱుగుదును. కాని యా స్థానము మాకు చట్టము కేటాయించినది. ఈ పేరు మీరు నోటితో పలుకవలసినది. అక్కడనే యున్నది చిక్కు," అని కొంచెము సేపాగి, "మా తండ్రి పేరు చివర అయ్య యుండెను. ఆయన బ్రదికినన్నాళ్లు మీ వీధిలో ఆ అయ్యను పలికినవారు లేరు. పేరును సగమునకు విఱిచి గాడు తగిలించెడివారు. బడి పట్టీలో నా తండ్రి పేరును మాస్టరుగారు అట్లే వ్రాసిరి. నీవును అట్లే పిలిచితివి, నీకప్పుడు పదియేండ్లు, ఆయనకు నలుబదియైదు," అనెను.

నా చేతిలోని గ్లాసు బల్లపై పెట్టితిని. అది నిజము. మా పెరటిలో కట్టెలు కొట్టుచున్న యా మనుష్యుని నేను అరుగుమీదనుండి కేకవేసి పిలుచుటయు, ఆయన "అయ్యా" యని బదులు పలుకుటయు నాకు జ్ఞప్తికి వచ్చినవి. ఆయన నాకిచ్చిన యక్షరములనే నేనాయనకు నిరాకరించితిని.

అప్పుడు కొలంబియాలోని స్తంభము నా కన్నులకు గట్టినది. ఆ దేశస్థుడు వారసత్వమనెను; నేను సీమ పేరనుకొంటిని. రెండు మాటలును చక్కనివే. రెండును వేఱొక మాటను కప్పిపుచ్చుటకు పనికివచ్చినవి. అయితే యీ రెండు గుర్తులను ఒక త్రాసులో తూచుట తగదు. అక్కడి పతాకము మనుష్యుని బానిసగా నుంచుటకై పోరాడినవారిది. ఇక్కడి పేరు మనుష్యుని మనుష్యుడుగా నిలుపుటకై పోరాడినవానిది. అక్కడ బాధపడినవారు దింపుడని వేడుకొనిరి. ఇక్కడ బాధపెట్టినవారము వ్రాయవలదంటిమి. రెండును ప్రజలను చీల్చినవి గావున రెండును ఒకటేయని పలుకుట సోమరి న్యాయము. చీల్చుటయే దోషమైనచో, 1881 డిసెంబరు 11వ తేదీన వీరేశలింగముగారు ఈ రాజమహేంద్రవరమున జరిపించిన వితంతు వివాహమును దోషమే కావలెను. అదియు ఊరిని చీల్చినది. నిజమునకు గోడ పగులు ముందుననే యుండును. సున్నము రాలినప్పుడు మనకు కనబడును.

మా మిత్రుడు వెళ్లిన మఱునాడు కలెక్టరుగారికి ఉత్తరము వ్రాసి నా యాక్షేపణను ఉపసంహరించుకొంటిని. గడువు ఇంకను మిగిలియుండెను. ఒక నకలు మా యన్నగారికి పంపితిని. జూన్ 24వ తేదీన మంత్రివర్గము ఆ పేరు నామోదించినది. ఆగస్టులో తుది ప్రకటన వచ్చినది. నా యుత్తరమువలన ఏమియు జరిగినదని నేననుకొనను. మెకెయిన్ గారి యొప్పుకోలు ఓడిన తరువాత వచ్చినది. నాది ఊరు తగులబడిన తరువాత వచ్చినది. ఆలస్యమైన నిజమునకు వెల తక్కువ. నేను చెల్లించిన వెల యంతయు, మా యన్నగారు ఆఱు నెలలు నాతో మాటలాడకపోవుటయే.

పేరుతో పని ముగిసినదని నే ననుటలేదు. పేరు పెట్టినంతమాత్రమున నిలువనీడ లేనివానికి సెంటు భూమి రాదు. శ్మశానమునకు దారి లేని పల్లెకు దారి పడదు. ప్రభుత్వములు పేరుతో ఋణము తీర్చుకొనజూచిన నది వేఱొక మోసము. కాని పేరు చిన్న విషయమని చెప్పు నధికారము, పుట్టుకతోడనే గౌరవమైన పేరు పొందిన నాకు లేదు.

2023 సంక్రాంతికి మా యన్నగారు కబురంపగా పోయితిని. నాడు కొబ్బరి దింపు జరుగుచుండెను. మా యన్నగారి మనుమరాలు, ఎనిమిదేండ్ల పిల్ల, వాకిటిలోనుండి, దింపు తీయవచ్చిన వృద్ధుని పేరు విఱిచి, గాడు చేర్చి, వచ్చినాడని కేకవేసెను. నేను దానిని దగ్గరకు పిలిచి, "తాతగారు వచ్చినారని చెప్పవలెనమ్మా," అంటిని. పిల్ల మా యన్నగారి ముఖము చూచెను. ఆయన పత్రికనుండి తలయెత్తక, కొంతసేపటికి, "చిన్నతాత చెప్పినట్లు పిలువు," అనెను.

చదువరులారా, జిల్లాల పేర్లు ప్రభుత్వములు వ్రాయును. మన వాకిటిలోని పేర్లను వ్రాయువారము మనమే. మీ యింటికి పనికి వచ్చువారిని మీ పిల్లలేమని పిలుచుచున్నారో ఒక దినము చెవియొగ్గి వినుడు.