చక్కెర వేయని కేకు

ఇటలీలోని లుక్కా నగరం నుంచి ఉత్తరంగా బయలుదేరే చిన్న రైలు సెర్కియో నదిని వెన్నంటి కొండలలోకి ప్రవేశిస్తుంది. ఎడమవైపున పాలరాతి గనులకు ప్రసిద్ధమైన ఆపువాన్ ఆల్ప్స్, కుడివైపున అపెనైన్ పర్వతశ్రేణి. వీటి నడుమ ఒదిగిన సీమ పేరు గార్ఫాన్యానా. ‘ఓర్లాండో ఫురియోసో’ మహాకావ్యాన్ని రచించిన లుడొవీకో అరియోస్తో 1522 నుంచి 1525 వరకు ఈ సీమకు పాలనాధికారిగా ఉన్నాడు. కాని, శతాబ్దాల పాటు ఇక్కడి ప్రజల కడుపు నింపినది ఒక చెట్టు.

అది చెస్ట్‌నట్ చెట్టు. గోధుమకు చాలినంత చదును నేల లేని ఈ వాలులలో దాని కాయలే ధాన్యం. అందుకే ప్రజలు దానిని ‘రొట్టె చెట్టు’ అన్నారు. కాల్చిన చెస్ట్‌నట్ రుచి మన పనస గింజను తలపిస్తుంది. పచ్చికాయ ఎక్కువకాలం నిలువ ఉండదు కనుక, దానిని ఎండబెట్టేందుకు ‘మెతాతో’ అనే రాతి గదులను నిర్మించుకున్నారు. క్రింద చెస్ట్‌నట్ కట్టెల నిప్పు మంట లేవకుండా, ఆరిపోకుండా, సుమారు 40 రోజులు రేయింబవళ్లు ఉండాలి. పైన బద్దల అటక మీద పరచిన కాయలు ఆ సెగకూ పొగకూ ఎండుతాయి. తరువాత పెంకు తీసి తిరగలి రాళ్ల మధ్య విసిరితే, స్వతహాగా తీపి, కొంచెం పొగ వాసన గల మెత్తని పిండి లభిస్తుంది.

ఈ పిండితో చేసే కేకు పేరు కస్తన్యాచ్చో. ఇందులో గుడ్లు, వెన్న, చక్కెర ఉండవు. పొంగించే సోడా కూడా వేయరు. అరకిలో పిండిని జల్లించి, చిటికెడు ఉప్పు చేర్చి, ఉండకట్టకుండా కొద్దికొద్దిగా నీరు పోస్తూ దోసెల పిండి జారుగా కలుపుతారు. ముప్పాతిక లీటరుకు కొంచెం తక్కువ నీరు సరిపోతుంది. రెండు మూడు చెంచాల ఆలివ్ నూనె, నానబెట్టిన ఎండుద్రాక్ష వేసి, నూనె రాసిన వెడల్పాటి పళ్లెంలో వేలి మందం మించకుండా పోస్తారు. పైన పైన్ గింజలు, రోజ్‌మేరీ ఆకులు చల్లుతారు. కొన్ని ఇళ్లలో నారింజ తొక్క తురుము కూడా కలుపుతారు. చేదుగా ఉండే తెల్లని పొరను మాత్రం తాకనివ్వరు. 200 డిగ్రీల వేడిలో అరగంట పైచిలుకు కాలి, పైభాగం నెర్రెలు విచ్చితే కేకు సిద్ధమైనట్లే. పిండిలోని బరువైన తీపిని రోజ్‌మేరీ ఘాటు, నారింజ పరిమళం తేలిక పరుస్తాయి. అది పొంగదు, గుల్లబారదు. తొలిసారి రుచి చూసేవారు దానిని కేకు అనడానికి సందేహిస్తారు.

ఈ రుచి వెనుక ఆకలి చరిత్ర ఉంది. 1944 శరదృతువు నుంచి 1945 ఏప్రిల్ వరకు రెండవ ప్రపంచయుద్ధపు సరిహద్దు రేఖ ఈ లోయ మీదుగానే సాగింది. 1944 డిసెంబరు చివర శత్రుసేన చొచ్చుకు వచ్చినప్పుడు, లోయను కాపాడి బార్గా పట్టణాన్ని తిరిగి స్వాధీనం చేసుకున్నవారిలో భారత 8వ డివిజన్ సైనికులు ఉన్నారు. అట్టి గడ్డు కాలంలో ఎన్నో కుటుంబాలను బ్రతికించినది చెస్ట్‌నట్ పిండే. యుద్ధానంతరం గోధుమ రొట్టె అందరికీ అందుబాటులోకి రాగానే, పేదరికానికి గుర్తుగా నిలిచిన ఆ పిండి వెనుకబడింది. మన వద్ద రాగికీ జొన్నకూ పట్టిన గతే దానికీ పట్టింది.

చెట్లకు కూడా కష్టాలు తప్పలేదు. బెరడును కుళ్లబెట్టే శిలీంధ్రం 1938లో జెనోవా ప్రాంతంలో బయటపడి ఇటలీ అంతటా పాకింది. చైనా నుంచి వచ్చిన ఒక చిన్న కందిరీగ 2002లో పీడ్‌మాంట్‌లో కనిపించింది; అది మొగ్గలలో గుడ్లు పెట్టగా అవి బుడిపెలుగా మారి కాపు దెబ్బతిన్నది. దానిని తినే మరొక కందిరీగ జాతిని శాస్త్రజ్ఞులు 2005 నుంచి తోటలలోకి వదలి, ఆ పీడను చాలావరకు అదుపు చేయగలిగారు.

2004లో యూరోపియన్ యూనియన్ గార్ఫాన్యానా పిండికి ప్రాంతీయ గుర్తింపు నిచ్చింది. నాడు పేదల తిండి అయినది నేడు గోధుమ పిండి కన్న ఎంతో ఖరీదు. అయినా చెస్ట్‌నట్ తోట అడవి వలె తనంత తాను బ్రతకదు. కొమ్మలు కత్తిరించాలి, పొదలు నరకాలి, కాయలు ఏరాలి. పని వెదుక్కుంటూ యువకులు కొండ దిగి వెళ్లిన ఊళ్లలో ఆ చాకిరీకి మనుషులు కరవు. కస్తన్యాచ్చో కాల్చడానికి అరగంట పైచిలుకు చాలు. ఆ పిండి కోసం నిప్పు దగ్గర 40 రోజులు కాపు కాసే మనుషులు ఇప్పుడు ఆ లోయకు కావాలి.