వెలుగు ఎంత లోతుకు దిగుతుంది?

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగితే కోచింగ్ సెంటర్ల బోర్డుల తర్వాత నా కంటికి ఎక్కువగా కనిపించినవి పళ్ళ డాక్టర్ల బోర్డులే. కమలానగర్‌లో పాణినీయ దంత వైద్య కళాశాల ఉంది కాబట్టి వింతేమీ లేదు. నేను వెళ్ళింది ఆ చుట్టుపక్కల సందులో ఒక చిన్న క్లినిక్కుకు. పన్ను పీకాక అరిగిపోయిన దవడ ఎముకను లేజరుతో పెంచుతున్నారని విన్నాను.

కుర్చీలో చౌటుప్పల్ నుంచి వచ్చిన పెద్దామె. ఆమె రక్తం గొట్టంలోకి తీసి, గిర్రున తిప్పే యంత్రంలో పెట్టారు. పది పన్నెండు నిమిషాలకు అడుగున ఎర్రకణాలు, పైన తేట, నడుమ జున్నుముక్కలాంటి గడ్డ. ఇదే పీఆర్‌ఎఫ్. 2001లో ఫ్రాన్స్ డాక్టరు జోసెఫ్ షూక్రున్ చెప్పిన పద్ధతి; ఇందులో ఏ మందూ కలపరు. ఆ గడ్డను తరిగి, తెల్లటి ఎముక పొడితో కలిపి గుంటలో కూరారు. పైన కొలాజెన్ పొర కప్పి కుట్లు వేశారు.

ఆ పొడిలో ఉన్నవి హైడ్రాక్సీఅపటైట్, ట్రైకాల్షియం ఫాస్ఫేటు. మొదటిది ఏళ్ళు గడిచినా సరిగా కరగదు, రెండోది నెలల్లో కరుగుతుంది. తొందరగా కరిగితే ఎముక వచ్చేలోపే చిగురు లోపలికి పాకుతుంది. అసలు కరగకపోతే కొత్త ఎముకకు చోటే ఉండదు. అందుకే రెండూ కలిపి వాడతారు. నన్నడిగితే లేజరు కన్నా ఈ లెక్కే గొప్పది.

చివర్లో అందరం రంగుటద్దాలు పెట్టుకున్నాం. చిగురు మీద ఎర్రచుక్క వాలింది. అది గురి కోసమే. పనిచేసే 810 నానోమీటర్ల కిరణం కంటికి ఆనదు.

"గీ లైటుతోని ఎముక పెరుగుతదా మేడమ్?" అంది పెద్దామె.

"పెంచేది మీ ఒళ్ళేనమ్మా. ఇది జర తొందర పెడ్తదేమో, అంతే," అంది డాక్టరు.

ఆ "ఏమో" నాకు నచ్చింది. 1967లో బుడాపెస్టులో ఎండ్రే మెస్టర్ ఎలుకలకు లేజరు పెడితే గొరిగిన వెంట్రుకలు త్వరగా మొలిచాయి. కణాల్లోని మైటోకాండ్రియా ఆ వెలుగును పట్టుకుని, కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఎక్కువ చేస్తాయన్నది ఇప్పుడు ఎక్కువమంది చెప్పే కారణం. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో, ఫిస్కెతో కలిసి, కండరం నుంచి వేరుచేసినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అయితే వెలుగు మోతాదు మించితే ఫలితం తిరగబడుతుంది. జంతువుల్లో కనిపించినంత స్పష్టమైన ఫలితం మనుషుల్లో ఇంకా లేదు.

ఎల్బీనగర్‌లో నేను వెళ్ళిన ఎముకల వార్డులో సంగతి వేరు. విజయవాడ హైవే మీద విరిగిన కాళ్ళు చేరేది అక్కడికే. లేజరు సంగతి ఎత్తగానే అక్కడి డాక్టరు తొడ మీద చరిచి, "గింత కండ దాటి ఏ వెలుగు పోతది సార్?" అన్నాడు. కిరణం ఒంట్లో కొన్ని సెంటీమీటర్ల లోపే చాలావరకు ఆరిపోతుంది. దవడకైతే అడ్డం చిగురే, అదీ కొన్ని మిల్లీమీటర్లు. తొడ ఎముకలో ముక్క పోతే ఈయన తుంటి అంచు నుంచి ఎముక తీసి నింపుతాడు. బతికున్న కణాలుండే సొంత ఎముకను మించింది లేదు. కానీ దొరికేది కొంతే, తీసినచోట నొప్పి. చాలకపోతే అప్పుడు పొడి.

ఏ మంచం దగ్గర ఆగినా ముందు ఆయన అడిగేది షుగరెంత, సిగరెట్ తాగుతావా అని. పొగ మానకపోతే రాడ్డు వేసినా అతుకు ఆలస్యమేనట. కాలికి రాడ్డు పడ్డ కుర్రాడు కాసేపు ఆలోచించి, "గుట్కా పర్వాలేదా సార్?" అన్నాడు.