మొదట ఎంత, మారింది ఎంత, మిగిలింది ఎంత

మైదుకూరు నుంచి రాస్తున్నాం.

మేం హాస్టల్లో ఒకే గదిలో ఉండే ఐదుగురం. ముగ్గురం సుగాలీలం, ఒకడు ఎరుకల, ఒకడు యానాది. ఐదిళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పోయినసారి కెమిస్ట్రీలో ఐదుగురిలో నలుగురం తప్పినాం. మార్కులు ఎక్కువగా పోయింది రసాయన సమతాస్థితి లెక్కల్లోనే. వచ్చే వారం మళ్లీ రాయాల. ఈ పాఠం కాడే ఆగిపోయిన తమ్ముళ్లు ఇంకా ఉంటారని, మాకు అర్థమైంది ఇక్కడ రాస్తున్నాం.

ముందు నిజం ఒప్పుకుంటాం. ఇంటర్ దాకా తెలుగు మీడియం, డిగ్రీ ఇంగ్లీషు. 'ఈక్విలిబ్రియం' అంటే మనం చదివిన సమతాస్థితే అని తెలిసేసరికి పాఠం అయిపోయింది. కేసీ అంటే మాకు తెలిసింది మా వైపు పారే కేసీ కాలువ ఒకటే. సార్‌ను అడిగితే అందరూ నవ్వుతారని ఒక్కరం కూడా లేచి అడగలేదు.

ఫలితాలు వచ్చినాక మా యానాది తమ్ముడు పెట్టె సర్దుకున్నాడు. "నాకు ఈ చదువు రాదు, పసుపు తవ్వే కూలికి పోతా" అన్నాడు. పోయినాడు కూడా. నాలుగు రోజులకు బట్టలు తీసుకుపోదామని హాస్టలుకు వచ్చి, చొక్కా ఉతుకుతా మమ్మల్ని పిలిచినాడు. పసుపు మరక మీద సబ్బు రుద్దితే ఎర్రగా అయింది. నీళ్లు పోసి జాడిస్తే మళ్లీ పసుపే. "ఇది ముందుకూ పోతాంది, వెనక్కీ వస్తాంది. మన పాఠం ఇదే కదరా?" అన్నాడు.

ఇదే. సబ్బు క్షారం. పసుపులోని కుర్కుమిన్ నుంచి హైడ్రోజన్ అయాన్లను లాగేస్తే సమతాస్థితి ఎరుపు వైపు జరుగుతుంది. నిమ్మరసం పిండితే ఆ అయాన్లు మళ్లీ చేరి పసుపు వైపు వస్తుంది. దేన్ని తీసేస్తే అది తయారయ్యే వైపు, దేన్ని కలిపితే అది ఖర్చయ్యే వైపు. లీ చాట్లియర్ సూత్రం ఇంతే. వాడు పెట్టె విప్పినాడు.

ఇంక లెక్క. ఒక లీటరు పాత్రలో హైడ్రోజన్ 1 మోల్, అయోడిన్ 1 మోల్. కేసీ 49. హైడ్రోజన్ అయోడైడ్ ఎంత? మేం మూడు వరసలు గీసుకుంటాం: మొదట, మార్పు, చివర. మొదట 1, 1, 0. ఒక్కోటి ఎక్స్ మోల్స్ ఖర్చయితే హైడ్రోజన్ అయోడైడ్ 2ఎక్స్ వస్తుంది. మేం పోయినసారి ఎక్స్ అని రాసి 0.875 తెచ్చుకున్నాం. తప్పింది అక్కడే. చివర మిగిలేది 1-ఎక్స్, 1-ఎక్స్, 2ఎక్స్. 2ఎక్స్ వర్గాన్ని 1-ఎక్స్ వర్గంతో భాగిస్తే 49. రెండు వైపులా వర్గమూలం తీస్తే 2ఎక్స్ బై 1-ఎక్స్ = 7. ఎక్స్ = 7/9. హైడ్రోజన్ అయోడైడ్ 14/9, అంటే దాదాపు 1.56 మోల్స్. సరిచూసుకోండి: 14/9 ని 2/9 తో భాగిస్తే 7, దాని వర్గం 49.

యూరియాకు కావాల్సిన అమ్మోనియా ప్రశ్న కూడా వస్తుంటుంది. నత్రజని 1 మోల్, హైడ్రోజన్ 3 మోల్స్ కలిసి అమ్మోనియా 2 మోల్స్. నాలుగు రెండవుతాయి కాబట్టి పీడనం పెంచితే అమ్మోనియా ఎక్కువ. వేడి పుట్టే చర్య కాబట్టి ఉష్ణోగ్రత పెంచితే తక్కువ. అయినా 450 డిగ్రీల సెల్సియస్ దగ్గర చేస్తారు, చల్లగా ఉంటే చర్య మరీ నిదానం గనక. ఇనుము ఉత్ప్రేరకం సమతాస్థితికి తొందరగా చేరుస్తుంది, కేసీని మార్చదు. ఈ చివరి మాట కాడ చానామంది పొరపాటు పడతారు.

ఇప్పుడు రోజూ రాత్రి అన్నం తిన్నాక కూర్చుంటాం. ఒకరు లెక్క చేస్తే మిగతా నలుగురం "ఎందుకు?" అని అడగాల. సుగాలీ బాసలో అడిగినా, ఎరుకల బాసలో అడిగినా సరే, నవ్వకూడదని నియమం పెట్టుకున్నాం. లెక్క రాక పోయిన మార్కులకన్నా అడగక పోయినవే ఎక్కువ.

సందేహం ఉంటే కింద రాయండి. మాకు రాకుంటే మేం సార్‌ను అడిగి చెప్తాం. ఇప్పుడు అడుగుతాండాం. పాసైనా తప్పినా ఫలితం కూడా ఇక్కడే పెడతాం.