పగడాల ఊళ్లో పొలం కాసే చేప

ఆ చేప నన్ను కొరికింది!

చెబితే ఆఫీసులో అందరూ నవ్వారు. ఎందుకంటే అది షార్కు కాదు. మా పాప అరచేతిలో ఇమిడిపోయేంత చేప. మట్టిరంగులో, ఏ ప్రత్యేకతా లేకుండా, మన చెరువుల్లోని పరిగెకు అన్నయ్యలా ఉంటుంది. అండమాన్‌లో ఒకప్పుడు హేవ్‌లాక్‌గా పిలిచిన దీవి పేరు 2018 నుంచి స్వరాజ్ ద్వీప్. అక్కడి ఎలిఫెంట్ బీచ్‌లో నీళ్లలోకి దిగిన పది నిమిషాలకే అది నా చూపుడువేలి మీద దాడి చేసింది. నొప్పేం లేదుగానీ, గుండె ఝల్లుమంది. కంగారులో కాళ్లు కిందికి దించాను. ఏదో గట్టిగా తగిలింది.

'కాలు దించకండి బాబూ!' అని అరిచాడు మా గైడ్. రబ్బరు రింగు పట్టుకుని నన్ను పైకి లాగాడు. చేప సంగతి చెబితే మాత్రం పకపకా నవ్వాడు. 'దాని పొలంలో సెయ్యెడితే ఊరుకుంటదేటి?'

శ్రీకాకుళం యాస! బతుకుతెరువు కోసం తాతల కాలంలోనే వాళ్ల కుటుంబం ఓడెక్కి ఇక్కడికి వచ్చేసిందట. ఇది వింతేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత ఎక్కువమంది మాతృభాష మన తెలుగే. సరే, యాస సంగతి అర్థమైంది. మరి చేపకి పొలమేంటి?

కలుపు కూడా తీస్తుంది!

ఈసారి ధైర్యం కూడగట్టుకుని, చేతులు దగ్గర పెట్టుకుని, అద్దంలోంచి చూశాను. అడుగున చచ్చిన పగడపు కొమ్మల మీద చాపంత మేర నాచు. మెత్తగా, ఒత్తుగా, నారుమడిలా ఉంది. దాని చుట్టూ నా శత్రువు గస్తీ తిరుగుతోంది. తనకన్నా ఎన్నోరెట్లు పెద్దదైన చిలకచేప అటుగా వస్తే చాలు... దూసుకెళ్లి తరిమేస్తోంది!

ఇది డామ్‌సెల్ ఫిష్‌లలో ఒక రకం. ఈ కుటుంబంలో నాలుగొందలకు పైగా జాతులున్నాయి. పిల్లలు ఇష్టపడే 'నీమో' క్లౌన్‌ఫిష్ కూడా ఈ ఇంటి చుట్టమే. అన్నీ సేద్యం చేయవు. కొన్ని జాతులు మాత్రం అచ్చం రైతుల్లానే బతుకుతాయి. తినడానికి పనికొచ్చే నాచును పెరగనిస్తాయి. పనికిరాని మొక్కలు మొలిస్తే నోటితో పీకి, గట్టు అవతల పారేసి వస్తాయి. ముళ్లబంతిలాంటి సీ అర్చిన్ పొలంలోకి పాకి వస్తే ముల్లు పట్టుకుని ఈడ్చి అవతల పడేస్తాయి. మనుషుల్నీ లెక్కచేయవు. నా వేలే అందుకు సాక్ష్యం!

జపాన్ శాస్త్రవేత్తలు హిరోకి హతా, మకోతో కతో ఒకినావా సముద్రంలో ఈ చేపల పొలాలను పరిశీలించి, 2006లో ఆసక్తికరమైన సంగతి బయటపెట్టారు. ఆ పొలాల్లో పాలీసిఫోనియా అనే ఒకరకం ఎర్రనాచే ఎక్కువ. చేప కాపలా లేకపోతే ఆ నాచును మిగతా చేపలు మేసేస్తాయి, లేదా వేరే నాచులు కమ్మేస్తాయి. అంటే పైరు లేకుండా రైతూ, రైతు లేకుండా పైరూ బతకలేవన్నమాట. మధ్య అమెరికాలోని బెలిజ్ తీరంలో ఇంకో విచిత్రం. అక్కడి డామ్‌సెల్ చేప తన పొలం మీద చిట్టిచిట్టి రొయ్యల్లాంటి మైసిడ్‌ల గుంపుకు ఆశ్రయమిస్తుంది. వేటాడే చేపల్నుంచి వాటిని కాస్తుంది. ప్రతిఫలంగా వాటి వ్యర్థాలు నాచుకి ఎరువవుతాయి. ఈ సంగతిని 2020లో పరిశోధకులు వెల్లడించారు. సేద్యమే కాదు, పాడి కూడా ఉందన్నమాట!

నాన్నే ఆయా

ఒడ్డుకొచ్చి కొబ్బరినీళ్లు తాగుతూ ఇదంతా మా ఎనిమిదేళ్ల పాపకి చెప్పాను. 'మరి వాళ్ల పిల్లలు?' అంది. మంచి ప్రశ్న.

ఈ కుటుంబంలో పిల్లల్ని చూసే బాధ్యత సాధారణంగా తండ్రిదే. ముందు రాతి మీదో, పగడం మీదో కాస్త చోటు శుభ్రం చేస్తాడు. పైకీ కిందికీ గెంతుతూ ఆడచేపను పిలుస్తాడు. ఆమె వచ్చి గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. అక్కణ్నుంచీ ఈయన డ్యూటీ మొదలు. రెక్కలతో విసురుతూ గుడ్లకి గాలి ఆడేలా చూస్తాడు. పాడైనవి ఏరేస్తాడు. దగ్గరికొచ్చినవాళ్లను తరుముతాడు. ఒక్కోసారి ఆకలికి తన గుడ్లు తానే కొన్ని తినేస్తాడనుకోండి... అది మా పాపకి చెప్పలేదు. కొద్దిరోజులకి గుడ్లు పొదిగి, నలుసుల్లాంటి పిల్లలు నడిసముద్రంలోకి కొట్టుకుపోతాయి. వారాల తర్వాత వాసననూ, పగడాల దిబ్బ నుంచి వచ్చే చప్పుళ్లనూ ఆనవాలు పట్టి ఏదో ఒక దిబ్బకి చేరతాయి. చేరగలిగినవి చాలా తక్కువ.

పొలం బాగుంది... ఊరే!

మధ్యాహ్నం మళ్లీ దిగాం. ఈసారి పాప కూడా లైఫ్‌జాకెట్ వేసుకుని వచ్చింది. గైడ్ మమ్మల్ని కాస్త దూరం తీసుకెళ్లాడు. అక్కడ ఒకటి కాదు, పక్కపక్కనే ఎన్నో నాచు పొలాలు. 'ఎంత బాగుందో!' అన్నాను. ఆయన నవ్వలేదు.

'ఇదంతా ఒకప్పుడు పగడమే బాబూ. 2010లో ఎండాకాలం నీళ్లు కాగిపోయాయి. వారాల్లోనే సున్నం కొట్టినట్టు తెల్లగయిపోయింది. తరవాత నాచెక్కేసింది.'

నీరు వేడెక్కితే పగడపు జీవులు తమ ఒంట్లో ఉంటూ తిండీ రంగూ ఇచ్చే సూక్ష్మమైన నాచును బయటికి నెట్టేస్తాయి. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటాయి. లేదంటే చచ్చిపోతాయి. అండమాన్‌లో 1998లో, 2010లో, 2016లో ఇలాగే జరిగింది. ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి పగడాలు పెద్దఎత్తున తెల్లబడుతున్నాయని శాస్త్రవేత్తలు 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు.

అప్పుడర్థమైంది. నన్ను కొరికిన రైతుకి చచ్చిన పగడమే సాగుభూమి. కానీ అందరూ రైతులు కాదు. దాని దాయాదులే కొన్ని బతికున్న పగడాన్ని నమ్ముకుని ఉంటాయి. తెలుపు మీద నల్లచారలతో ఉండే హంబగ్ డామ్‌సెల్ అలాంటిదే. దాని ఇల్లంతా ఒక కొమ్మల పగడం. ప్రమాదమనిపిస్తే గుంపంతా ఆ కొమ్మల్లోకి దూరిపోతుంది. రాత్రి అక్కడే నిద్ర. ఊరికే పడుకోదు, నిద్రలోనూ రెక్కలాడిస్తూ పగడానికి ప్రాణవాయువు అందేలా నీళ్లు కదుపుతుంది. అద్దె కడుతున్నట్టేగా!

'నాన్నా, ఇల్లు చచ్చిపోతే అవెక్కడికెళ్తాయి?' అంది పాప, పడవెక్కుతూనే.

నా దగ్గర జవాబు లేదు. గైడే చెప్పాడు. 'మా తాతలు ఓడెక్కి ఇక్కడికొచ్చారమ్మలూ. ఇవెక్కడికెళ్తాయి? రంగులుంటేనే వీటికి ఇల్లు, నాకు కూలి.'

తిరిగొచ్చేముందు ఆయన మాకు ఒకటి చూపించాడు. నాచు పొలాల మధ్య పిడికెడంత కొత్త పగడం. లేత కొమ్మలు. వాటి మధ్య మూడు హంబగ్ పిల్లలు. కొమ్మల పగడాలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే పెరుగుతాయి. బండల్లా పెరిగేవైతే ఒక్క సెంటీమీటరు పెరిగితే గొప్ప. అంటే ఆ పిడికెడు ఇల్లు లేవడానికి కొన్నేళ్లు పట్టి ఉంటుంది. పొద్దున నా కాలికి గట్టిగా తగిలింది ఏమిటో గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

సముద్రాన్ని చల్లబరచడం మన ఒక్కరి చేతుల్లో లేదు. కాలు దించకుండా ఉండటం మాత్రం ఉంది. ఆ చేప నా వేలు కొరికి చెప్పిందీ అదేనేమో!

ఎలా వెళ్లాలి?

చెన్నై నుంచి శ్రీ విజయపురానికి విమానంలో సుమారు రెండు గంటల ప్రయాణం. 2024 సెప్టెంబరు వరకు దీని పేరు పోర్ట్‌బ్లెయిర్. అక్కణ్నుంచి ఫెర్రీలో స్వరాజ్ ద్వీప్‌కి గంటన్నర నుంచి రెండున్నర గంటలు. ఎలిఫెంట్ బీచ్‌కి జెట్టీ నుంచి పడవలుంటాయి. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు మంచి కాలం. పగడపు ముక్కలు ఏరుకురావద్దు, అది వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఈత రాకపోయినా లైఫ్‌జాకెట్, గైడ్ సాయంతో చూడొచ్చు.