గోదావరి తీరమున రెండు దినములు

పోయిన శీతకాలమున మా యింటి ఆడువారమందఱమును చేరి అమృతసరమునకు పోవలెనని సంకల్పించితిమి. రామచంద్రపురమున మా వసారాలో చాప పఱచుకొని, కాగితమును పెన్సిలును ముందిడుకొని, అక్కడ ఏమేమి చూడవలెనో, ఏమేమి తినవలెనో వ్రాసికొనుచుంటిమి. సిక్కుల నాలుగవ గురువగు రామదాసుగారు 1577 ప్రాంతమున త్రవ్వించిన సరోవరము. దాని నడుమ, 1604లో గ్రంథసాహెబును ప్రతిష్ఠించిన హరిమందిరము. 1919 ఏప్రిల్ 13వ తేదీన నిరాయుధులైన ప్రజలమీద గుండ్లు కురిసిన జలియన్‌వాలా బాగు. తిండి విషయమున తందూరు పొయ్యిలో కాలిన కుల్చాలు, పెద్ద లోటాలలో మీగడ తేలు లస్సీ. అన్నింటికంటె ముఖ్యముగా లంగరు. అచ్చట ఏ కులమువారైనను, ఏ మతమువారైనను, నేలమీద ఒక్క పంక్తిలో కూర్చుండి రొట్టెయు పప్పును తిని పోవచ్చును. ఆ వంటశాలను కన్నులార చూడవలెనని మా ఆడుబిడ్డకు మిక్కిలి కోరిక.

పక్కనే చిక్కుడుకాయలకు ఈనెలు తీయుచున్న మా అత్తగారు అంతయు విని, తలయెత్తకయే ఇట్లనిరి: “వంటశాల చూడటానికి అంత దూరం పోతారా! మన ద్రాక్షారామంలో స్వామివారి పై అంతస్తు నేను ఇంతవరకూ ఎక్కనే లేదు.”

మేము నివ్వెఱపోయితిమి. ద్రాక్షారామము మా ఊరికి ఆఱేడు కిలోమీటర్ల దూరము. అత్తగారు కాపురమునకు వచ్చి యేబదియేండ్లు దాటినది. మూడు పర్యాయములు అచ్చటికి పోయిరట. మొదటి పర్యాయము చుట్టములు ఇరువదిమంది; సత్రములో వంట వీరిదే. రెండవమారు ఒడిలో జ్వరముతోనున్న బిడ్డ. మూడవమారు మరల వంటయే. మగవారు దర్శనము చేసికొని వచ్చి విస్తళ్ల ముందు కూర్చుండిరి. వడ్డనలు ముగిసి, ఎంగిళ్లు ఎత్తి, గిన్నెలు తోమి గుడికి పోవునప్పటికి మధ్యాహ్నమై తలుపులు మూసిరి. సాయంకాలము తిరిగి తెఱచు లోపల ఇంటికి బండి సిద్ధము. మూడు యాత్రలలోను వారికి దక్కినది క్రింది యంతస్తున కాలు నిలువని తొందర దర్శనము మాత్రమే.

మేము కాగితముమీది అమృతసరమును కొట్టివేయలేదు. దానికి పైన ‘ద్రాక్షారామము’ అని వ్రాసితిమి. అమృతసరమునకు రానుపోను రైలులోనే నాలుగు దినములు గడచిపోవును గాన దానికి సెలవులు కావలెను; ఈ యాత్రకు రెండు దినములు చాలును.

తరువాత మూడు నియమములు పెట్టుకొంటిమి. మొదటిది: పొయ్యి, బియ్యము, గిన్నెలు వెంట తీసికొని పోరాదు. త్రాగు నీరు, అత్తగారి మందులు, ఒక దుప్పటి, మార్పు చీరలు, అంతే. రెండవది: అత్తగారి నడక యెంతయో మన యాత్రయు అంతయే. మూడవది: గుళ్లు మధ్యాహ్నము మూయుదురు గనుక ఆ వేళను వృథా పోనీయక, తినుబండారములు తయారగు తావులకు కేటాయింపవలెను. గుడి తలుపులు మూసిన వేళ పొయ్యిలు ఆరవు గదా! కాలమును గూర్చియు ఆలోచించితిమి. శ్రావణ భాద్రపదములలో పులసచేప రుచి పేరుగన్నదే గాని, వరద వచ్చినచో కోటిపల్లి రేవున పంటు నిలిచిపోవును. శివరాత్రికి కోటిపల్లిలో ఇసుక వేసిన రాలని జనము. కావున మార్గశీర్ష పుష్యములే పెద్దవారికి అనుకూలమని నిశ్చయించితిమి.

తెల్లవాఱుజామున బయలుదేఱి ప్రొద్దు పొడుచునప్పటికి ద్రాక్షారామము చేరితిమి. పంచారామములలో నిది యొకటి. తక్కినవి అమరావతి, భీమవరము, పాలకొల్లు, సామర్లకోట. కాళేశ్వరము, శ్రీశైలము, ద్రాక్షారామము అను మూడు లింగముల నడిమి భూమి త్రిలింగదేశమనియు, దాని నుండియే తెలుగను పేరు కలిగెననియు పెద్దలు చెప్పుదురు. ఇప్పటి ఆలయము తూర్పు చాళుక్యరాజైన భీముని కాలపుదని ప్రసిద్ధి; ఆయన 9, 10 శతాబ్దుల సంధికాలమున నుండెను. అష్టాదశ శక్తిపీఠములలో నొకటియైన మాణిక్యాంబ ఇచ్చటనే కొలువైయున్నది. గోడలమీదను స్తంభములమీదను వందలకొలది శాసనములున్నవి. వానిలో రాణులును ఇతర స్త్రీలును అఖండదీపములకై చేసిన దానములు కూడ కలవు. దీపమునకు నేయి కావలెను. నేతికి పాడి కావలెను. కావున పశువులను ఇచ్చిరి. ఆ స్త్రీల వంటిండ్లు ఎట్లుండెనో మనకు తెలియదు గాని, వారు వెలిగించిన దీపము మాత్రము రాతిమీద నిలిచినది.

గర్భాలయము రెండంతస్తులది. క్రింద లింగమూలమును, మెట్లెక్కి పోయిన పైన శిరోభాగమును దర్శింపవలెను. అభిషేకములు పైననే జరుగును. మెట్లు ఇరుకు. మా తోడికోడలు ముందును, మేము వెనుకను నడచి అత్తగారిని ఒక్కొక్క మెట్టే ఎక్కించితిమి. పైన వారు చాలసేపు ఊరక నిలువబడిరి. తరువాత, “ఇన్నేళ్లూ పాదాలకే దణ్ణం పెట్టాను అమ్మాయీ, ఇవాళ స్వామి మొగం చూశాను” అనిరి. మేము మాటలాడలేకపోయితిమి. యాత్ర ఫలము మాకు ఆ జామునకే దక్కినది.

సప్తగోదావరమను గుండము మెట్లమీద కూర్చుండి వ్యాసుని కథ చెప్పుకొంటిమి. 15వ శతాబ్దివాడైన శ్రీనాథుడు భీమేశ్వరపురాణమున ఈ క్షేత్రమాహాత్మ్యమును వర్ణించుచు ఆ కథను చెప్పినాడు. కాశిలో వ్యాసునికి భిక్ష దొరకలేదు. ఆకలి కోపమైనది; కాశిని శపింపబోయెను. అప్పుడు అమ్మవారు ముత్తైదువ రూపమున ఒక వాకిట నిలిచి పిలిచి, శిష్యులతో కూడ ఆయనకు కడుపునిండ అన్నము పెట్టినది. పిదప శివుడు కాశి విడువుమని కోపింపగా, ఆ ముని ఈ దాక్షారామమునకు వచ్చి ఊఱట చెందెను. ఆకలి ఎంతటివానినైన తప్పుద్రోవ పట్టించును. అన్నము పెట్టిన చేయి దానిని మరలించును. ఈ కథను చెప్పుకొనునప్పుడు మనము వ్యాసునే తలతుము గాని, ఆ వాకిట నిలిచిన ఇల్లాలిని తలపము.

అచ్చటి నుండి కోటిపల్లి. ఛాయాసోమేశ్వరుని దర్శించి, గౌతమిలో కాళ్లు తడుపుకొని, పంటు ఎక్కితిమి. కాకినాడ నుండి రామచంద్రపురము, ద్రాక్షారామముల మీదుగా కోటిపల్లికి ఒకప్పుడు రైలుండెడిది. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1940లో, ఆ పట్టాలను పెఱికికొనిపోయిరి. ఆ మార్గము 2004లో గాని తిరిగి రాలేదు. పంటు మీద మోటారు బండ్లు, సైకిళ్లు, పాలబిందెలు, మేము. ఆవలి రేవు ముక్తేశ్వరము. దాటిన వెంటనే రెండు ప్రక్కల కొబ్బరితోటలు, కాలువలు. కోనసీమ యనగా నిదియే. అయినవిల్లి సిద్ధివినాయకుని సందెవేళ దర్శించి, ఆ రాత్రి అమలాపురమున బస చేసితిమి.

మఱునాడు ఉదయము కొబ్బరి వ్యాపారమునకు పేరుగాంచిన అంబాజీపేటలో పొట్టిక్కలు. పనసాకులను పుల్లలతో గ్రుచ్చి బుట్టలుగా కుట్టి, వానిలో ఇడ్లీపిండి పోసి ఆవిరిమీద ఉడికించుదురు. ఆకు వాసన పిండికి పట్టును. వేడివేడిగా ఆకు విప్పి కొబ్బరిపచ్చడితో తినవలెను. దుకాణమువాడు మొదటి ఆకు అత్తగారి ముందుంచెను. వారు అలవాటుచొప్పున దానిని మా వైపు త్రోయబోయిరి. “అత్తయ్యగారూ, చల్లారకముందే మీరు తినండి” అని మా తోడికోడలు చేయి పట్టుకొనెను. వేడిగానున్నది వారు మొదట తినుట మే మెన్నడును చూచియుండలేదని అప్పుడు గాని మాకు తట్టలేదు. ఇది మాకును సిగ్గుచేటే.

అచ్చటికి దగ్గఱనే వైనతేయపాయ యొడ్డున లంకల గన్నవరము. డొక్కా సీతమ్మగారి ఊరు. ఆమె 1841లో మండపేటలో పుట్టి, ఇచ్చటి జోగన్నగారిని పెండ్లాడి, 1909లో పరమపదించువఱకు, వచ్చినవారి కులగోత్రములడుగక, వేళకాని వేళనైనను అన్నము పెట్టినది. లంగరును చూడ అమృతసరమునకు పోవలెనని మేమనుకొంటిమి. ఒక్క ఇల్లాలు తన పెరటి పొయ్యితో మన సీమలోనే ఆ పని చేసినది! ఇప్పుడు అచ్చటి నూతన అక్విడక్టుకు ఆమె పేరున్నది. 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకును ఆమె పేరే పెట్టిరి.

ఆమెను గూర్చి యొక కథ చెప్పుకొందురు. ఒకనాడు ఆమె పల్లకిలో అంతర్వేది నరసింహస్వామి దర్శనమునకు పోవుచుండగా, దారిలో ఆకలిగొన్న పిల్లలతో నొక కుటుంబమువారు, “గన్నవరం చేరితే సీతమ్మగారింట అన్నం దొరుకుతుంది” అనుకొనుట విన్నదట. వెంటనే పల్లకి మరలించి, ఇల్లు చేరి, వారికి వండి పెట్టినదట. ఈ కథ విని మా ఆడుబిడ్డ, “అయితే అమ్మ సత్రంలో వంట చేసి దర్శనం మానుకున్నదీ పుణ్యమేగా?” అని ప్రశ్నించెను. మేము ఆలోచించితిమి. సీతమ్మగారు తానై మరలినది. పల్లకి మరలింపుమని ఆజ్ఞ యిచ్చినది ఆమె నోరే. మన ఇండ్లలో స్త్రీ తానుగా మరలదు, మనము మరలింతుము. ఈ రెంటికిని చాల దూరమున్నది. త్యాగమునకు విలువ అడుగకయే యిచ్చుటలో గలదు గాని, అడుగకయే తీసికొనుటలో లేదు.

పలివెలలో ఉమాకొప్పేశ్వరుడు. అర్చకుని మాట నిలుపుటకై లింగమునకు రాత్రికి రాత్రి కొప్పు మొలచెనను కథ విని నవ్వుకొంటిమి. మధ్యాహ్నము గుళ్లు మూసిన వేళకు ఆత్రేయపురము చేరితిమి. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన పూతరేకులు ఇచ్చటివే. బోర్లించిన కుండ క్రింద మంట. నానబెట్టి రుబ్బి పలుచన చేసిన బియ్యపు పాలలో గుడ్డను ముంచి కుండమీద నొక్కసారి లాగిన, కంటిఱెప్ప పాటులో రేకు తేలును. దానిని చినుగకుండ తీయుట ఏండ్ల అభ్యాసము. ఆ పనివారు దాదాపు అందఱును స్త్రీలే. పొగలో, సెగలో గంటలకొలది కూర్చుందురు. ఆ రేకులమీద నేయి పూసి, బెల్లపు పొడియో చక్కెర పొడియో చల్లి మడతలు పెట్టుదురు. మా అత్తగారు వారి ప్రక్కన పీటమీద కూర్చుండి ఒక రేకు తీయ ప్రయత్నించి, చింపి, అందఱితో కలిసి నవ్విరి. వెల విషయమున మేము బేరమాడలేదు. ఆ సెగ చూచిన తరువాత నోరు రాలేదు.

ఎండ తగ్గినపిదప ర్యాలి. ఏకశిలలో ముందు కేశవుడు, వెనుక జగన్మోహిని. దీపము వెనుకకు త్రిప్పి జడకొప్పు, నగలు చూపుదురు. ఒకే రాతిలో ఇద్దఱు; మూర్తి చుట్టు తిరిగినవారికే ఇద్దఱును కనబడుదురు. రావులపాలెము, మండపేటల మీదుగా తిరిగి వచ్చుచు తాపేశ్వరమున మడతకాజాలు కొని, చీకటి పడినపిదప ఇల్లు చేరితిమి.

సోదరీమణులారా, దూరపు ఊళ్లు చూడవలదని మా యభిప్రాయము కాదు. కాని యాత్రకు జాబితా వ్రాయునప్పుడు ఊళ్ల పేర్లకు ముందు, వెంట వచ్చువారి పేర్లు వ్రాయుడు. ఒక్కొక్కరి యెదుట, ‘వీరు ఇంతవఱకు ఏమి చూడలేదు?’ అని అడిగి వ్రాయుడు. మన ఇంటనే, ఆఱు కిలోమీటర్ల దూరమున, యేబదియేండ్లుగా ఎక్కని మెట్లుండవచ్చును.

మా కాగితము ఇంకను గోడమేకుననే యున్నది. మొన్న మా అత్తగారు దానివైపు చూచి, “ఆ రొట్టెల ఊరికి ఎప్పుడు పోదామే?” అని అడిగిరి.