పరాన్నము

మృగశిర కార్తె ప్రవేశించిననాటి ఉదయమున హైదరాబాదులోని లాలాపేట్ బజారులో చేపల గంపల చుట్టు మూగిన జనమును చూచినవారికి, ఈ పేటలో శాకాహారి యనువాడు ఒక్కడైన నుండునా యను సందేహము కలుగకమానదు. ఆ సందడిలో అర్ధఘంట నిలుచుండి, నీళ్ల తొట్టిలో మెదలుచున్న కొర్రమట్టనొకదానిని బేరమాడితిని. 2016లో రాష్ట్రమత్స్యమను బిరుదు లభించిన తరువాత దానికి గౌరవమెంత పెరిగినదో చెప్పజాలను గాని, కార్తెనాడు దాని ధర మాత్రము బిరుదుకు తగినట్లే యుండును. అమ్మునామె కత్తిపీటమీద దాని కడుపు చీల్చగనే, ప్రేగులనుండి దారపుపోగువంటి తెల్లని పురుగొకటి మెలికలు తిరుగుచు బయటపడినది. నేను రెండడుగులు వెనుకకు వేసితిని.

"ఏమయితది సారూ, అది గూడ అన్నానికే వచ్చింది. కడుగుత, పొయ్యిమీద ఉడుకుతది, ఖతం," అని ఆమె చేయి విదిలించి తన పనిలో తాను పడిపోయినది.

ఆమె అన్నది సామాన్యమైన మాట కాదు. పరాన్నజీవి యని మనము ఏవగింపుతో పలుకు పదములో నున్నది అన్నమే. గ్రీకులు తమ భాషలో ఇందుకు వాడిన మాటకును మొదట అర్థము, ఒరుల పంక్తిని కూర్చుండి భుజించువాడనియే. అన్నమునకు వచ్చినవారిలో అతిథియెవడు, అద్దెకున్నవాడెవడు, దొంగయెవడు అని తేల్చుట మానవుల ఇండ్లలోనే కష్టము. చేప కడుపులో తేల్చుట ఇంకను కష్టము. అయినను లోపల చూచుటకు ఏవగించుకొనరాదని మన నగరమే లోకమునకు నేర్పినది. లాలాపేటకు కొద్ది మైళ్ల దూరముననున్న బేగంపేటలో, 1897 ఆగస్టు 20వ తేదీన, రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపును చీల్చి అందులో మలేరియా క్రిమి జాడను కనుగొనుటచేతనే గదా, 1902లో ఆయనను నోబెల్ బహుమానము వరించినది!

కొర్రమట్ట ప్రేగులలో కాపురముండు జీవులలో ముండ్లతల పురుగు ఒకటి. దానికి నోరు లేదు, ప్రేగు లేదు. తలనిండ నున్న కొక్కెములను గోడకు గ్రుచ్చి, చేప జీర్ణము చేసికొన్న ఆహారమును ఒడలితోనే పీల్చుకొనును. దాని గ్రుడ్డు నీటబడి, కంటికి ఆనని సైక్లోప్స్ అను జీవి నోటబడి, ఆ సైక్లోప్సును చిన్నచేప మ్రింగి, ఆ చిన్నచేపను కొర్రమట్ట మ్రింగినగాని దాని జన్మ తరించదు. వాలుగచేప గాలితిత్తిలో వేలి కణుపంత దళసరి గులాబివన్నె పురుగొకటి వసించును. దాని యాత్ర నత్త గర్భమునుండి మొదలగును.

దొంగ యను పేరునకు నిజముగా తగినది చేపపేను. బిళ్లవలె చదునైన దేహము, రెండు నల్లని కన్నులు, అంటుకొనుటకు రెండు గుండ్రని గిన్నెలు, గ్రుచ్చుటకు విషపుసూది: ఇట్టి సామగ్రితో అది చేప చర్మముపై తిరుగుచుండగా, చేప ఒరుసుకొనును, ఎగిరిపడును, మేత మానును. కొల్లేటి చుట్టుప్రక్కల బొచ్చెను, రాగండిని క్రిక్కిరియ పెంచు చెరువులలో రైతును ఏడిపించునది ఇదియే. గ్రుడ్లు పెట్టుటకు ఆడపేను చేపను విడిచి రాళ్లను, కఱ్ఱలను వెదకుకొనును గనుక, నీటిలో తడికెలను దింపి, గ్రుడ్లు పడిన పిమ్మట వెలికిదీసి ఎండబెట్టుట ఒక ఉపాయము. దొంగ బలము దొంగలో కంటె మనము చేర్చిన గుంపులోనే హెచ్చుగా నున్నది.

అద్దెకున్నవారి తీరు వేరు. మంచినీటి రొయ్య వీపున గంటలవలె కాడలపై నూగు ఏకకణజీవులు రొయ్యను తినవు, వీపుమీద చోటు దొరికిన చాలునని నీటిలోని సూక్ష్మాహారమును వడగట్టుకొని బ్రదుకును; రొయ్య కుబుసము విడిచిననాడు ఇల్లు ఖాళీ. మన నదులలో లేని క్రేఫిష్ అను రొయ్యచుట్టముపై, ఉత్తర అమెరికా వాగులలో, జలగలకు దాయాదులైన చిన్నపురుగులు కాపురముండి, కొద్దిగా నున్నంతకాలము దాని మొప్పలు శుభ్రపరచును; హెచ్చిన వెనుక ఆ మొప్పలనే కొఱుకును. అద్దె యిచ్చువాడు ఎప్పుడు ఆక్రమణదారుడగునో సంఖ్య చెప్పునుగాని స్వభావము చెప్పదు. ఇక ఆల్చిప్ప తన పసిపిల్లలను చేప మొప్పలకు అప్పగించును. అవి అక్కడ కొన్నాళ్లు ఊయలలూగి, రాలి, ఇసుకలో తమ బ్రదుకు తాము మొదలిడును.

ప్రాణాంతకుడు తరచుగా క్రొత్తగా వచ్చినవాడే. 1988లో ఈశాన్య రాష్ట్రముల గుండా మన దేశమున అడుగిడిన వ్రణవ్యాధి కొర్రమట్టలను పుండ్లపాలు చేసినది. దానికి మూలము బూజువంటి అఫానోమైసిస్ జాతి; ఆ జాతికే చెందిన మఱియొక జీవి 1860 ప్రాంతమున ఇటలీలో చొరబడి, యూరపు క్రేఫిష్‌లను వాగులకు వాగులు తుడిచిపెట్టినది. అమెరికా క్రేఫిష్ మాత్రము దానినే పెంకులో మోయుచు నిశ్చింతగా తిరుగును. తరతరముల ఎఱుక గల చుట్టము ఇల్లు కూల్చక తినుట నేర్చుకొనును.

ఈ యోచనలతో అక్కడనే నిలుచుండి నాచారము పెద్దచెరువును తలచుకొంటిని. పట్టణపు మురుగు చేరిన నీటిలో చేప ఒడలిపై చక్రములవలె తిరుగు ఏకకణజీవులు పెచ్చుపెరుగును. ఒక్క ఆశ్రయము చాలును గనుక వాటికి లోటులేదు. నత్తయు, చేపయు, కొంగయు మూడును కావలసిన పురుగులు మాత్రము ఆ మూటిలో ఒకటి లోపించిన చాలును, వంశము నిలుపుకొనలేవు. సైక్లోప్సు మొదలు చిన్నచేప దాక అందరును క్షేమమేయని చెప్పు ఉత్తరము, కొర్రమట్ట కడుపున కనబడిన ఆ పురుగు. నేను దానిని చదువకయే వెనుకకు జరిగితిని.

సంచి చేతికిచ్చి ఆమె ప్రేగులను గోడ మీదికి విసరినది. అంతసేపును అక్కడ కాచుకొనియున్న కాకి పురుగుతో సహా వాటిని ముక్కున కఱచుకొని ఎగిరిపోయినది. అది గూడ అన్నానికే వచ్చినది. నేనును అందుకే వచ్చితిని.